"గెట్" ఒక్క మాటే, అర్థాలు మాత్రం బోలెడు: పట్టు దొరికే దారి ఏమిటి?

తెల్లకాగితం (ప్రశ్న):

ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది. రాయాల్సి వచ్చినా, నలుగురిలో మాట్లాడాల్సి వచ్చినా "గెట్" దగ్గర ఆగిపోతున్నాను. నిఘంటువు తెరిస్తే పొందు, తెచ్చు, అగు, చేరు, గ్రహించు అంటూ పేజీ నిండా అర్థాలుంటాయి. ఏది ఎప్పుడో తెలియడం లేదు.

ఆఫీసు మెయిల్లో ఇలాంటి వాక్యం వస్తుంది: "ప్లీజ్ గెట్ ద ఫారమ్ సైన్డ్ అండ్ గెట్ బ్యాక్ టు మి బై ఫ్రైడే." ఇందులో రెండు గెట్‌లున్నాయి. "పొందు" అనే అర్థం రెండింటికీ అతకదు.

ఇంకా, "ఐ రిపేర్డ్ మై బైక్" అనకూడదు, "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్" అనాలి అంటారు. ఆ "గాట్" ఏం పని చేస్తోంది? "ఐ యామ్ గెటింగ్ ఫీవర్", "ఐ యామ్ నాట్ గెటింగ్ యు" అని మనవాళ్లు రోజూ అంటారు, అవి సరైనవేనా? అమెరికాలో ఉన్నవాళ్లు "గాటెన్" అంటారు, అది తప్పా ఒప్పా?

బట్టీ పట్టే జాబితాలు వద్దు. తెలుగులో ఆలోచించేవాళ్లకి పనికొచ్చే పద్ధతి ఉంటే చెప్పండి.

నల్లబల్ల:

అర్థాల జాబితా పక్కన పెట్టేయండి. గెట్‌కి సొంత బరువు తక్కువ, పక్కన ఏ మాట కూర్చుంటే ఆ అర్థం తెచ్చుకుంటుంది. కాబట్టి గెట్ కనపడగానే దాని తర్వాతి మాట ఏమిటో చూడండి. అది నామవాచకమా, విశేషణమా, చోటు పేరా, క్రియ మూడో రూపమా, అంటే బడిలో వీ-త్రీ అని నేర్పించేదా? ఇది తేలితే అర్థం దానంతట అదే తేలుతుంది.

ముందు నామవాచకం సంగతి. అలా ఉంటే ఏదో ఒకటి మన దగ్గరికి వచ్చిందన్నమాట. "ఐ గాట్ ఎ లెటర్" అంటే ఉత్తరం అందింది. "ఐ గాట్ ఎ సీట్" అంటే సీటు దొరికింది. "షి గాట్ నైంటీ" అంటే ఆమెకి తొంభై మార్కులు వచ్చాయి. "కెన్ యు గెట్ సమ్ మిల్క్?" అంటే కాసిని పాలు తెస్తావా. అందు, దొరుకు, వచ్చు, తెచ్చు, ఈ నాలుగింటి పనీ ఒక్క గెట్ చేసేస్తోంది. ఇక్కడ వాక్యం నడక కూడా గమనించండి. తెలుగులో వచ్చేది ఉత్తరం, దొరికేది సీటు. మనిషి "నాకు" అంటూ పక్కకి జరుగుతాడు. ఇంగ్లిష్‌లో ఆ మనిషే ముందుకొచ్చి కర్త అవుతాడు. "నాకు వచ్చింది" అన్నది "ఐ గాట్"గా తిరగబడుతుంది. ఈ మలుపు వంటబడితే సగం చిక్కు విడిపోతుంది.

మిగతా సగం చిక్కు కూడా అక్కడే ఉంది. తెలుగులో మనకి రానిదంటూ లేదు: కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, నవ్వు వస్తుంది, జ్వరం వస్తుంది, డౌటు వస్తుంది, ఈత కూడా వస్తుంది. వీటన్నిటికీ గెట్ తగిలిస్తే వాక్యం దెబ్బతింటుంది. ఎందుకంటే తెలుగులో కోపం, నిద్ర నామవాచకాలు. ఇంగ్లిష్ అక్కడ విశేషణం అడుగుతుంది. కోపం వచ్చింది అంటే "ఐ గాట్ యాంగ్రీ", "గాట్ యాంగర్" కాదు. నిద్ర వస్తోంది అంటే "ఐ యామ్ గెటింగ్ స్లీపీ", "గెటింగ్ స్లీప్" కాదు. "ఐ యామ్ నాట్ గెటింగ్ ఎనఫ్ స్లీప్" అన్నది మంచి ఇంగ్లిషే కానీ దాని అర్థం వేరు: ఈమధ్య కంటినిండా నిద్ర ఉండటం లేదని. ఈత వచ్చు అంటే "ఐ కెన్ స్విమ్", అక్కడ గెట్‌కి చోటే లేదు.

జ్వరం గురించి అడిగారు. ఇప్పటికే ఉంటే "ఐ హావ్ ఎ ఫీవర్", లేదా "ఐ హావ్ గాట్ ఎ ఫీవర్". ఒళ్లు వెచ్చబడుతోంది, జ్వరం వచ్చేలా ఉంది అనుకుంటే "ఐ థింక్ ఐ యామ్ కమింగ్ డౌన్ విత్ సంథింగ్". జలుబుకి మాత్రం "ఐ యామ్ గెటింగ్ ఎ కోల్డ్" హాయిగా అనొచ్చు. "ఫీవర్" ముందు "ఎ" మర్చిపోవడం మనం తరచూ చేసే రెండో తప్పు. డౌటు వచ్చింది అనడానికి "ఐ గాట్ ఎ డౌట్" అని మన క్లాసురూముల్లో అందరికీ అర్థమవుతుంది. బయటి దేశాల్లో డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. మీరు చెప్పింది నమ్మను అన్నట్టు వినపడుతుంది. "ఐ హావ్ ఎ క్వెశ్చన్" అనండి.

ఇక విశేషణం. గెట్ తర్వాత విశేషణం వస్తే స్థితి మారిందని. "వి గాట్ వెట్" తడిసిపోయాం. "ఇట్ గాట్ డార్క్" చీకటి పడింది. "ఇట్స్ గెటింగ్ హాటర్" ఎండలు ముదురుతున్నాయి. "హి గాట్ లాస్ట్" దారి తప్పాడు. తెలుగులో ఇక్కడ గెట్‌లాంటి మాట విడిగా కనపడదు. ఆ పని పోవు, పడు, అగు లాంటివి క్రియలో కలిసిపోయి చేసేస్తాయి. "తడిసిపోయాం"లో "పోయాం", "చీకటి పడింది"లో "పడింది" చూడండి. మన భాషలో గెట్ కూర్చునే చోటు అదే.

ఒక చోట మాత్రం జాగ్రత్త. "అయ్యాడు" అనగానే గెట్ వాడకండి. "వాడు డాక్టర్ అయ్యాడు" అనేదాన్ని "హి గాట్ ఎ డాక్టర్" అంటే వాడు డాక్టర్ని తీసుకొచ్చాడని అర్థం. డాక్టర్ నామవాచకం కదా, పైన చెప్పిన "తెచ్చు" అర్థం వచ్చేస్తుంది. వృత్తికీ హోదాకీ "బికేమ్". అలాగే పాలు విరిగిపోవడానికీ కూర పాసిపోవడానికీ గెట్ కాదు, "గో": "ద మిల్క్ హాజ్ గాన్ ఆఫ్". జుట్టు ఊడి బట్టతల రావడానికీ "గోయింగ్ బాల్డ్" అంటారు. నలభై ఏళ్లు నిండటానికి "టర్న్‌డ్ ఫార్టీ".

జబ్బు తగ్గింది అన్నదానికి "మై ఫీవర్ గాట్ రెడ్యూస్డ్" అని రాసేవాళ్లున్నారు. "తగ్గు" మనకి రెండు పనులు చేస్తుంది: కొలత తగ్గడం, మనిషి కోలుకోవడం. కోలుకోవడానికి "ఐ యామ్ గెటింగ్ బెటర్", జ్వరం దిగిపోయిందనడానికి "ద ఫీవర్ హాజ్ గాన్ డౌన్".

చోటు పేరు వస్తే చేరడం. "వి గాట్ టు విజయవాడ ఎట్ సిక్స్." హోమ్, హియర్, దేర్ ముందు మాత్రం "టు" ఉండదు. "ఐ గాట్ హోమ్ లేట్" అనాలి, "గాట్ టు హోమ్" కాదు.

బైక్ రిపేరు సంగతి విడిగా రాయాల్సినంత ఉంది. దానికి ఇక్కడ నాకంటే బాగా చెప్పేవాళ్లున్నారు.

మాటలమూట:

బైక్ సంగతి నేను చెప్తాను. నిజానికి ఈ ఒక్క విషయంలో తెలుగు తెలిసినవాళ్లకి గెట్ సులువు కావాలి. మన చేతిలో "ఇంచు" ఉంది.

చేయు, చేయించు. కుట్టు, కుట్టించు. రాయి, రాయించు. కట్టు, కట్టించు. "ఇంచు" తగిలితే ఆ పని ఇంకొకరి చేత జరిగిందని. ఇంగ్లిష్‌లో ఆ "ఇంచు"కి బదులు గెట్ వస్తుంది. బైక్ రిపేరు చేశాను: "ఐ రిపేర్డ్ మై బైక్", పానా మీ చేతిలోనే ఉంది. బైక్ రిపేరు చేయించాను: "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్", పానా మెకానిక్ చేతిలో ఉంది. జాకెట్టు కుట్టించుకుంది: "షి గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్". పన్ను పీకించుకున్నాడు: "హి గాట్ ఎ టూత్ పుల్డ్ అవుట్". టీకా వేయించుకున్నారా: "డిడ్ యు గెట్ వ్యాక్సినేటెడ్?"

కట్టే పద్ధతి ఇది. గెట్, తర్వాత వస్తువు, తర్వాత వీ-త్రీ. వస్తువు మధ్యలో కూర్చోవాలి. "గెట్ ద కాపీస్ అటెస్టెడ్ బై ఎ గెజిటెడ్ ఆఫీసర్" సరైన వరస. "గెట్ అటెస్టెడ్ ద కాపీస్" అంటే వరస తప్పింది.

రెండో తప్పు చివరి "డ్" మింగేయడం. "గెట్ ఇట్ సైన్", "గెట్ ఇట్ ప్రింట్" అని రాసేస్తారు. మాట్లాడేటప్పుడు ఆ "డ్" చెవికి సరిగా ఆనదు కాబట్టి రాసేటప్పుడూ జారిపోతుంది. "సైన్డ్", "ప్రింటెడ్". మీ మెయిల్లో మొదటి గెట్ ఇదే: ఫారం మీద సంతకం పెట్టించండి. రెండోది, "గెట్ బ్యాక్ టు మి", తిరిగి నాకు కబురు చెప్పండి అని. మనిషి తిరిగి రానక్కర్లేదు, జవాబు వస్తే చాలు.

మనల్ని బాగా తప్పుదారి పట్టించేది జుట్టు. "జుట్టు కత్తిరించుకున్నాను" అంటాం. "కత్తిరించు"లో "ఇంచు" కనపడుతుంది కానీ అది చేయించడం కాదు, ఆ క్రియ అసలు రూపమే అంత. అందుకని తెలుగు వాక్యంలో కత్తెర ఎవరి చేతిలో ఉందో తేలదు, వినేవాళ్లు సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. అదే వాక్యాన్ని "ఐ కట్ మై హెయిర్" అని దింపితే అద్దం ముందు నిలబడి మీరే కత్తిరించుకున్నారని. "కటింగ్ చేయించుకున్నాను" అన్న మాట మనసులో పెట్టుకోండి, "ఐ గాట్ మై హెయిర్ కట్" దానంతట వస్తుంది. "ఐ గాట్ ఎ హెయిర్‌కట్" అన్నా సరే. "వేయించు" కూడా ఇలాంటిదే: పల్లీలు వేయించడంలో గెట్ లేదు, రోడ్డు వేయించడంలో ఉంది.

డాక్టర్‌కి చూపించుకున్నాను అన్నదాన్ని "ఐ షోడ్ టు డాక్టర్" అంటారు చాలామంది. చూపించుకోవడం అంటే పరీక్ష చేయించుకోవడమే కదా. "ఐ సా ఎ డాక్టర్" లేదా "ఐ గాట్ ఇట్ చెక్డ్" అనాలి.

ఇంకో మాట. ఇల్లు విషయంలో ఇంగ్లిష్ కూడా మనలాగే ఉదారం. తాపీమేస్త్రీ కట్టినా యజమాని "ఇల్లు కట్టాను" అంటాడు. ఇంగ్లిష్‌లోనూ "హి బిల్ట్ ఎ హౌస్" తప్పు కాదు. నియమం అన్నిచోట్లా ఒకే గట్టితనంతో ఉండదు.

తెల్లకాగితం:

"ఇంచు" పోలిక బాగా పట్టుబడింది. ఒక సందేహం మిగిలింది. "మేనేజర్ చేత సంతకం పెట్టించాను" అన్నదానికి "గాట్ ద మేనేజర్ టు సైన్", "హ్యాడ్ ద మేనేజర్ సైన్", "మేడ్ ద మేనేజర్ సైన్" మూడూ విన్నాను. మూడూ ఒకటేనా?

మాటలమూట:

ఒకటి కాదు. తెలుగు "పెట్టించాను" అన్న ఒక్క మాటలో మూడింటినీ దాచుకుంది, ఇంగ్లిష్ విడగొట్టింది.

"ఐ మేడ్ హిమ్ సైన్" అంటే ఇష్టం ఉన్నా లేకపోయినా పెట్టించాను, మెడ మీద కత్తి పెట్టినట్టు. "ఐ హ్యాడ్ హిమ్ సైన్" అంటే చెప్పాను, పెట్టాడు. అది అతని పనే, వాదన లేదు. "ఐ గాట్ హిమ్ టు సైన్" అంటే కొంచెం తిరిగి, నచ్చజెప్పి, బతిమాలి పెట్టించాను. మీకంటే పై అధికారి గురించి రాస్తుంటే "మేడ్" వాడకండి, మర్యాదగా ఉండదు. "హ్యాడ్" వాడితే మీరే ఆయనకి పని పురమాయించినట్టుంటుంది. "గాట్" సరిపోతుంది.

"టు" ఒక్క గెట్‌కే వస్తుంది. "మేడ్ హిమ్ టు సైన్" తప్పు, "గాట్ హిమ్ సైన్" కూడా తప్పు. మనిషి ఉంటే "టు"తో క్రియ, వస్తువు ఉంటే వీ-త్రీ: "గాట్ హిమ్ టు సైన్ ఇట్", "గాట్ ఇట్ సైన్డ్".

కృష్ణాతీరం:

పైన రాసింది బాగుంది కానీ ఒక సవరణ అవసరం. గెట్, వస్తువు, వీ-త్రీ ఉన్నంత మాత్రాన ప్రతిసారీ "ఇంచు" కాదు. అదే అచ్చులో ఇంకో రెండు అర్థాలు పోసుకొస్తాయి.

"ఐ విల్ గెట్ ద రిపోర్ట్ డన్ బై ఫైవ్." ఇక్కడ చేసేది నేనే. అయిదింటికల్లా పూర్తి చేసేస్తాను అని భరోసా ఇవ్వడం. తెలుగులో దీనికి "ఏయు" ఉంది: చేసేస్తాను, రాసేస్తాను, ముగించేస్తాను. "హి గాట్ హిస్ ఫింగర్స్ కాట్ ఇన్ ద డోర్." తలుపు సందులో వేళ్లు ఇరుక్కున్నాయి. ఎవరూ కావాలని ఇరికించుకోరు కదా. ఎవరు చేశారు, మనిషి కోరుకున్నాడా లేదా అని చూసుకుంటే మూడింటిలో ఏదో తేలిపోతుంది.

ఇప్పుడు ఎవరూ ముట్టుకోనిది చెప్తాను: గెట్ పక్కనే నేరుగా వీ-త్రీ రావడం. "హి గాట్ స్కోల్డెడ్", "షి గాట్ హర్ట్", "దే గాట్ చీటెడ్". బడిలో దీన్ని కర్మణి అని చెప్పి "తిట్టబడ్డాడు" అని అనువదించమంటారు. తెలుగువాళ్లు ఎవరూ అలా మాట్లాడరు. చీవాట్లు తిన్నాడు అంటారు. దెబ్బలు తిన్నాడు, తిట్లు తిన్నాడు. దెబ్బ తగిలింది, మోసపోయారు, పట్టుబడ్డాడు. మన "తిను", "తగులు", "పోవు", "పడు" ఇంగ్లిష్ గెట్ చేసే పనే చేస్తున్నాయి. అందుకే "బి" కన్నా "గెట్" మన మాటకి దగ్గర. "హి వాజ్ స్కోల్డెడ్" అన్నది పోలీసు రిపోర్టులో వాక్యంలా ఉంటుంది, "హి గాట్ స్కోల్డెడ్" అన్నది ఇంటికొచ్చి చెప్పినట్టుంటుంది.

రెండు హద్దులు గుర్తుంచుకోండి. ఏదో జరిగింది అనే చోటే ఈ గెట్ అతుకుతుంది. జరగడం లేని క్రియలకి అతకదు: "ద ఆన్సర్ ఈజ్ నోన్" అంటారు, "గాట్ నోన్" అనరు. ప్రశ్నకి "డిడ్" కావాలి: "డిడ్ యు గెట్ పెయిడ్?" సరైనది, "గాట్ యు పెయిడ్?" అనే వాక్యం లేదు. ఎందుకంటే ఈ గెట్ సహాయక్రియ కాదు, మామూలు క్రియే.

రాతలో ఎంతవరకు అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. గెట్ తప్పు మాట అని కొందరు మాస్టార్లు పూర్తిగా కొట్టేయిస్తారు. నేనలా అనను, ఇంత పని చేసే మాటని దూరం పెడితే ఇంగ్లిష్ కృతకంగా తయారవుతుంది. సహోద్యోగికి రాసే మెయిల్లో నిక్షేపంగా వాడండి. దరఖాస్తులో, పరిశోధన పత్రంలో, పరీక్ష వ్యాసంలో మాత్రం "రిసీవ్", "అబ్‌టెయిన్", "బికమ్", "అరైవ్" పెట్టుకోండి. అనుమతి పత్రం విషయంలో "వి గాట్ పర్మిషన్" కన్నా "వి అబ్‌టెయిన్డ్ పర్మిషన్" బరువుగా ఉంటుంది.

గోదారిగట్టు:

"ఐ యామ్ నాట్ గెటింగ్ యు" గురించి ఎవరూ చెప్పలేదు. ఇది రెండు సందర్భాల్లో వస్తుంది, రెండింటికీ మందు వేరు. చెప్పింది అర్థం కాకపోతే "ఐ డోంట్ గెట్ ఇట్", కొంచెం మర్యాదగా "సారీ, ఐ డిడ్‌న్ట్ గెట్ దట్". అర్థం కావడం అనే గెట్ సాధారణంగా "ఇంగ్" రూపంలో రాదు. ఫోన్‌లో మాట తెగుతుంటే అది అర్థం కాకపోవడం కాదు, వినపడకపోవడం: "ఐ కాంట్ హియర్ యు", "యు ఆర్ బ్రేకింగ్ అప్". సిగ్నల్ రావడం లేదు అన్నదానికి "ఐ యామ్ నాట్ గెటింగ్ ఎ సిగ్నల్" పక్కా ఇంగ్లిష్.

ఎక్కడం, దిగడం దగ్గర కూడా పొరపాటు జరుగుతుంది. బస్సయినా కారైనా గుర్రమైనా మనం ఎక్కుతాం, దిగుతాం. ఇంగ్లిష్‌లో లోపల నిలబడి నడవగలిగే వాహనానికి "గెట్ ఆన్, గెట్ ఆఫ్": బస్సు, రైలు, విమానం, ఓడ. కాళ్లు చెరోపక్క వేసి కూర్చునే బైకు, సైకిలు, గుర్రానికీ అంతే. ఒంగి లోపలికి దూరి కూర్చునే కారు, ఆటోకి "గెట్ ఇన్, గెట్ అవుట్". "గెట్ డౌన్ ఎట్ ద నెక్స్ట్ స్టాప్" అని మన దేశమంతా అంటారు, కండక్టర్లకీ అర్థమవుతుంది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో అలా అంటే వంగమంటున్నారా, నేల మీద పడుకోమంటున్నారా అనుకుంటారు. అక్కడ "గెట్ డౌన్" చెట్టు మీంచో నిచ్చెన మీంచో దిగడానికి.

"ఐ యామ్ గెటింగ్ లేట్" కూడా మన దగ్గరే. మనిషి ఆలస్యమైతే "ఐ యామ్ రన్నింగ్ లేట్", పొద్దుపోతే "ఇట్స్ గెటింగ్ లేట్". "ఐ కేమ్ టు నో" అని రాసేచోట "ఐ ఫౌండ్ అవుట్" నయం. "గెట్ టు నో" అన్నది సమాచారం తెలియడం కాదు, మనిషితో పరిచయం పెరగడం.

పొద్దున విషయంలో "వేక్ అప్" అంటే మెలకువ రావడం, "గెట్ అప్" అంటే పక్క మీంచి లేవడం. మధ్యలో గంట గడిచినా ఆశ్చర్యం లేదు.

పాతపలక:

గాటెన్ గురించి. ముందు అసలు గెట్ సంగతి: ఈ గెట్ ఇంగ్లిష్‌లోకి స్కాండినేవియా నుంచి వలస వచ్చింది. అక్కడి పాత నార్స్ భాషలో "గెటా". అక్కడి నుంచి వచ్చిన వైకింగులు ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాక, 1200 ప్రాంతంలో ఇంగ్లిష్ రాతల్లో కనపడుతుంది. పాత ఇంగ్లిష్‌కి దీని చుట్టం ఒకటుండేది కానీ ఒంటరిగా నిలవలేదు, "ఫర్‌గెట్", "బిగెట్" లాంటి జంట మాటల్లోనే మిగిలింది. ఇంకా వెనక్కి వెళితే "పట్టుకొను" అనే అర్థమున్న ధాతువు తగులుతుంది. లాటిన్‌లోకి వెళ్లిన ఆ ధాతువు నుంచే "ప్రిజన్" (జైలు), "కాంప్రిహెండ్" (గ్రహించు) వచ్చాయి. అంటే గెట్‌కి అర్థం చేసుకోవడం అనే అర్థం ఉందంటే వింతేమీ లేదు. కిటుకు పట్టేశాడు, విషయం పట్టుబడింది అని మనమూ చేత్తో పట్టుకునే మాటతోనే బుర్రకెక్కడం చెప్తున్నాం.

"గాటెన్" పాత రూపం, అమెరికావాళ్లు కొత్తగా పుట్టించింది కాదు. బ్రిటన్‌లో అది వాడుక తప్పి "గాట్" మిగిలింది, అమెరికాలో నిలిచింది. బ్రిటన్‌లో కూడా "ఫర్‌గాటెన్"లో, అక్రమ సంపాదనకి వాడే "ఇల్-గాటెన్"లో ఆ తోక ఇంకా ఉంది. కాబట్టి తప్పు కాదు, ప్రాంతభేదం.

అమెరికావాళ్లు రెండింటినీ వేర్వేరు పనులకి వాడతారు, ఇది తెలుసుకోవాలి. "ఐ హావ్ గాట్ ఎ కార్" అంటే నాకు కారు ఉంది. "ఐ హావ్ గాటెన్ ఎ కార్" అంటే కారు సంపాదించాను, కొత్తగా వచ్చింది. "ఐ హావ్ గాట్ టు గో" అంటే వెళ్లాలి. "ఐ హావ్ గాటెన్ టు గో" అంటే వెళ్లే అవకాశం దొరికింది. చివరి తోక తేడాతో తప్పనిసరి కాస్తా భాగ్యమైపోతుంది. మన దేశంలో పరీక్షలకీ ఆఫీసుకీ "గాట్" చాలు. ఒకే వ్యాసంలో అదోసారి ఇదోసారి కలపకండి.

చెవికి సంబంధించి ఒక్కటి. అమెరికా మాటలో రెండచ్చుల మధ్య "ట్" మెత్తబడి "డ్"లా వినపడుతుంది. "గెట్ ఇట్" అన్నది "గెడిట్", "గెట్ అవుట్" అన్నది "గెడౌట్", "గాట్ టు" అన్నది "గాడ". సినిమా చూస్తూ గెట్ వినపడలేదు అనుకుంటే చాలాసార్లు వినపడింది కానీ ఈ వేషంలో వినపడింది.

తెల్లకాగితం:

అందరికీ ధన్యవాదాలండీ. గెట్ తర్వాతి మాట చూసి అయిదు వాక్యాలు రాశాను. దిద్దిపెట్టండి.

ఒకటి, పాస్‌పోర్ట్ ఫోటో తీయించుకున్నాను: "ఐ గాట్ టేకెన్ మై పాస్‌పోర్ట్ ఫోటో."
రెండు, పొద్దున్నే లేవడానికి అలవాటు పడ్డాను: "ఐ గాట్ యూజ్డ్ టు గెట్ అప్ ఎర్లీ."
మూడు, వాళ్లిద్దరికీ పొసగదు: "దే డోంట్ గెట్ అలాంగ్."
నాలుగు, ఆమె పెళ్లి ఒక ఇంజినీరుతో అయింది: "షి గాట్ మ్యారీడ్ విత్ యాన్ ఇంజినీర్."
అయిదు, ఆ పని చేద్దామనుకుంటూనే తీరిక చిక్కలేదు: "ఐ డిడ్‌న్ట్ గెట్ టు డూ ఇట్."

నల్లబల్ల:

మూడోది పూర్తిగా సరిపోయింది. బ్రిటన్‌లో "గెట్ ఆన్" అని కూడా అంటారు.

మొదటిదాంట్లో వరస తప్పింది, ఫోటో మధ్యలోకి రావాలి: "ఐ గాట్ మై పాస్‌పోర్ట్ ఫోటో టేకెన్."

రెండోదాంట్లో ఆ "టు" క్రియకి చెందిన "టు" కాదు, మన "కి" లాంటిది. లేవడానికి అంటే లేవడం అనే పనికి. కాబట్టి దాని తర్వాత పని పేరు కావాలి: "ఐ గాట్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎర్లీ." పరీక్ష చేసుకోవడానికి అక్కడ ఒక మామూలు నామవాచకం పెట్టి చూడండి. "ఐ గాట్ యూజ్డ్ టు ద హీట్" అతికింది కదా. నామవాచకం అతికిన చోట క్రియకి "ఇంగ్" తప్పదు.

నాలుగోది: తెలుగు "తో" మిమ్మల్ని "విత్" దగ్గరికి తోసింది. "గాట్ మ్యారీడ్ టు" అనాలి.

అయిదోది వ్యాకరణం ప్రకారం సరైన వాక్యమే, కానీ మీరు చెప్పదలచుకున్నది అది కాదు. "డిడ్‌న్ట్ గెట్ టు డూ ఇట్" అంటే చేసే అవకాశం ఎవరూ ఇవ్వలేదు, చేజారిపోయింది. అడ్డు బయట ఉంది. చేద్దాం చేద్దాం అంటూ పక్కన పడిపోయినదానికి "ఐ డిడ్‌న్ట్ గెట్ అరౌండ్ టు డూయింగ్ ఇట్", బ్రిటన్‌లో "రౌండ్ టు". ఇక్కడి "టు" కూడా రెండో వాక్యంలో ఉన్న "టు" జాతిదే, అందుకే "డూయింగ్". మేనేజర్‌కి రాసే మెయిల్లో ఈ రెండూ తారుమారైతే మీ జాప్యాన్ని ఇంకొకరి మీదికి నెట్టినట్టు చదువుకుంటారు.